పదో రీలు

కత్తి కనపడితే చాలు, స్లాషరనేస్తున్నారు. గురునాథరావుకి ఒళ్ళు మండేది అక్కడే. రక్తం తాగేవాడి సినిమా స్లాషరే, చేతబడి సినిమా స్లాషరే, పౌర్ణమి నాటికి తోడేలైపోయేవాడి సినిమా కూడా ఈ లెక్కన స్లాషరే. ఇంకొన్నాళ్ళు పోతే ఉల్లిపాయలు తరిగే సీనున్నా అదే ముద్ర కొట్టేసేలా ఉన్నారు. స్టీల్ ప్లాంటులో ముప్పై ఏళ్ళు ఇనుప కడ్డీలు చూసి, తడిమి, గ్రేడులు వేసి రిటైరైన మనిషాయన. ఒక గ్రేడు కడ్డీ ఇంకో గ్రేడు కట్టలో కలిసిందంటే ఆ రాత్రి అన్నం సయించేది కాదు. ఉద్యోగం పోయింది గానీ ఆ జబ్బు పోలేదు. ఇప్పుడు సినిమాల మీద పడ్డాడు.

గాజువాక ఫిలిం సర్కిల్‌కి ఆయనే కార్యదర్శి. ప్రతి ఆదివారం మధ్యాహ్నం మూడింటికి వాసు ట్యుటోరియల్ సెంటర్ మేడ మీద కిటికీలు మూసి, గోడకి తెల్లదుప్పటి కట్టి, పాత హారర్ సినిమాలు వేస్తారు. సభ్యులు పాతికమంది లోపే, అందులో ముప్పాతిక వంతు ఆయనతో పాటు ప్లాంటులో చేసినవాళ్ళు. వచ్చే ఆదివారం నూరో సినిమా. ఆ సందర్భానికి ఒక చిన్న పుస్తకం వేస్తున్నారు, ఒక ప్రసంగం పెట్టారు. రెండింటికీ విషయం ఒకటే: పాత హారర్ సినిమాల్లో ఏది స్లాషర్, ఏది కాదు.

కొలత దగ్గర పేచీ లేదు. చంపేవాడు మనిషై ఉండాలి, అదీ బతికున్న మనిషి. కత్తో గొడ్డలో కొక్కెమో పట్టుకుని తన చేత్తో చంపాలి. ఒకరి తర్వాత ఒకరిని చంపాలి. చివరికొక పిల్ల మిగిలి వాడి మొహం చూడాలి. దెయ్యం చంపితే, అది వంద కత్తులు పట్టుకున్నా సరే, దెయ్యం సినిమాయే అవుతుంది తప్ప స్లాషర్ కాదు. గురునాథరావు ఈ నాలుగు ముక్కలూ చెప్పినప్పుడు అందరూ తలూపారు. శ్రీవల్లి కూడా ఊపింది.

శ్రీవల్లికి ఇరవయ్యారేళ్ళు. పోర్టులో కంటైనర్ యార్డు దగ్గర టాలీ క్లర్కు. వచ్చిన ప్రతి పెట్టె నంబరూ, దాని సీలు నంబరూ కాయితంలో ఉన్నదానితో సరిపోయిందో లేదో నిలబడి చూసుకోవడం ఆమె పని. సినిమా కూడా అలాగే చూస్తుంది. ఒళ్ళో అట్ట, అట్ట మీద కాయితం, ఎన్నో నిమిషంలో ఎవరు చచ్చారు, దేంతో చచ్చారు, చంపినవాడు కనపడ్డాడా లేదా అని గళ్ళు గీసి రాసుకుంటుంది. ఆదివారం ప్రసంగం ఆమెకే ఇచ్చారు. పుస్తకంలో వ్యాసమూ ఆమెదే.

బుధవారం సాయంత్రం అదే మేడ మీద కూచుని ఆ వ్యాసం చదువుతూ గురునాథరావు మూడో పేజీ దగ్గర ఆగిపోయాడు. స్లాషర్ జాబితాలో నాలుగో పేరు ‘దీపస్తంభం దెయ్యం’.

ఆ సినిమాకి అసలు పేరు వేరే ఉంది గానీ ఈ ఊళ్ళో ఎవరికీ నోరు తిరగలేదు. తొంభై ఒకటిలో పాతబస్తీలో మెహతాబ్ టాకీసులో మార్నింగ్ షోకి వచ్చినప్పుడు పోస్టరు కింద తెలుగులో ఆ పేరు అంటించారు, అదే నిలిచిపోయింది. సముద్రంలో ఒక దీవి, దాని మీద పాడుబడ్డ దీపస్తంభం, బాగుచెయ్యడానికి వెళ్ళిన ఏడుగురు. ఒక్కొక్కళ్ళే చస్తారు. ఎవరు చంపారో చూపించరు. ఆఖరికి ఒక పిల్ల మెట్ల మీద కూలబడి వణుకుతుంటుంది, మరుక్షణం తెల్లారి పడవలో ఉంటుంది. మధ్యలో ఏం జరిగిందో దేవుడికి తెలియాలి. అలా చెప్పకుండా వదిలెయ్యడంలోనే ఉంది గొప్పంతా అని గురునాథరావు ముప్పై మూడేళ్ళుగా చెబుతున్నాడు. రెండు సావనీర్లలో రాశాడు కూడా.

"ఇది దెయ్యం సినిమా అమ్మాయ్," అన్నాడు, ఎర్ర పెన్సిలుతో ఆ పేరు చుట్టూ గీసి.

"కాదు సార్. దీపం కాసేవోడి తమ్ముడే సంపుతాడు. కొక్కెంతోటి. తొంభై ఆరో నిమిషంలో ముసుగు తీసేత్తాది ఆ పిల్ల."

గదిలో ఉన్న ఏడెనిమిది మందీ నవ్వారు. ప్లాంటులో పక్క సెక్షన్లో చేసిన సత్యం అయితే కుర్చీలో వెనక్కి వాలి మరీ నవ్వాడు. వాళ్ళందరూ ఆ సినిమా చూసినవాళ్ళే, అదే హాల్లో, అదే వారంలో. ముసుగేమిటి, తమ్ముడేమిటి.

శ్రీవల్లి నవ్వలేదు. ఫోను తీసి, సినిమా ఆ నిమిషం దగ్గర ఆపి, బల్ల మీద ఆయన ముందు పెట్టింది. పదిరోజుల కిందట లింకు పంపింది. పోయిన ఆదివారం పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చింది. ఇది మూడోసారి.

గురునాథరావు ఫోను వైపు చూడనైనా చూడలేదు. అరచేత్తో పక్కకి జరిపాడు. ఈ ఇంటర్నెట్లో దొరికేవన్నీ ఎవడో ఎక్కడెక్కడివో ముక్కలు తెచ్చి అతికించినవని ఆయన అభిప్రాయం.

"ఎవరి దగ్గరో విన్నది పట్టుకొచ్చి మాట్లాడకూడదమ్మా. నువ్వు పుట్టకముందే నేను ఆ సినిమా నాలుగుసార్లు చూశాను," అని, వ్యాసం మొదటి పేజీ మీద అడ్డంగా గీత కొట్టి పక్కన పెట్టాడు. ఆదివారం వాసు మాట్లాడతాడని ప్రకటించాడు. ట్యుటోరియల్ నడిపే వాసు పాపం సున్నపు గోడ వైపు చూశాడు.

శ్రీవల్లి ఫోను తీసుకుంది. గళ్ళకాయితం నాలుగు మడతలు పెట్టి సంచిలో పెట్టుకుంది. వ్యాసం కూడా తీసుకుంటుందేమో అనుకున్నారు గానీ దాన్ని అక్కడే వదిలేసి మెట్లు దిగి వెళ్ళిపోయింది. రాత్రికి వాట్సాప్ గ్రూపులో ఆమె పేరు లేదు.

*

కొట్టేసిన వ్యాసం బదులు పుస్తకంలో ఏదో ఒకటి వెయ్యాలి కదా. ఈ పిల్లలకి సాక్ష్యం కావాలంటే సాక్ష్యమే వేద్దాం అనుకున్నాడు గురునాథరావు. మెహతాబ్ టాకీసులో ఆ రోజుల్లో ఆపరేటరు కరీం. ఆ సినిమా ఈ ఊళ్ళో అందరికంటే ఎక్కువసార్లు చూసింది అతనే. అతని ఫొటో వేసి, అతని నోటితో నాలుగు మాటలు చెప్పిస్తే పీడా విరగడవుతుంది.

గురువారం పొద్దున్నే బస్సెక్కాడు. గాజువాక నుంచి పాతబస్తీ దాకా కండక్టరుతో చిల్లర దగ్గర ఒకసారి, పక్కసీటువాడి మోచెయ్యి దగ్గర ఒకసారి పేచీ పెట్టుకుని, పూర్ణా మార్కెట్ దగ్గర దిగేసరికే విసుగు నెత్తికెక్కి ఉంది. బెల్లం దుకాణాల వెనక సందులో కరీం మిక్సీలు, కుక్కర్లు బాగుచేసే కొట్టు. డెబ్బై నాలుగేళ్ళొచ్చినా కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకుని కూచుని పని చేస్తున్నాడు.

ఒక స్టూలు మీద సామాన్లు తీసి జాగా చేశాడు కరీం. టీ చెప్పాడు. గురునాథరావు సంగతంతా చెప్పాడు, కొంచెం మసాలా వేసి కూడా చెప్పాడు. తమ్ముడట, కొక్కెమట, తొంభై ఆరో నిమిషంలో ముసుగు తీస్తుందట, చూశావా కరీం భాయ్ ఈ కాలం పిల్లలు ఎంత ధైర్యంగా అబద్ధాలాడతారో అన్నాడు.

కరీం మిక్సీ జారు అడుగున బిగుసుకుపోయిన మరని నూనె చుక్క వేసి తిప్పుతున్నాడు. తిప్పడం ఆపలేదు.

"ఆ పిల్ల సెప్పింది నిజమే బావా. అది పదో రీల్లో ఉంటాది."

"ఏ పదో రీలు?"

"పదో రీలు నాను ఎయ్యలేదు కదా. మీ బస్సు ఎల్లిపోద్దని."

గురునాథరావుకి అర్థం కాలేదు. కరీం మరని పక్కన పెట్టి చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు. మధ్యాహ్నం రెండుగంటల షిఫ్టువాళ్ళు మార్నింగ్ షో చూసుకుని మార్కెట్ దగ్గర ఒంటిగంటకి ప్లాంటు బస్సెక్కేవారు. ఈ సినిమా పొడుగు. ప్రకటనలూ ఇంటర్వెల్లూ కలిపితే ఒంటిగంట దాటిపోతుంది. రెండు మిషన్లు పక్కపక్కనే ఉండేవి, ఒక దాంట్లో రీలు అయిపోతుంటే తెర మూల ఒక చుక్క మెరుస్తుంది, వెంటనే రెండో మిషను ఆన్ చెయ్యాలి. తొమ్మిదో రీలు అవుతుండగా రెండో మిషన్లో పది బదులు పదకొండు ఎక్కించేవాడు. పది నిమిషాలు కలిసొచ్చేవి. పిల్ల మెట్ల మీద కూలబడ్డం తొమ్మిదో రీలు చివర, పడవలో కూచోడం పదకొండు మొదట. అతుకు బాగా కుదిరిందని కరీంకి అప్పట్లో తనంటే తనకే ముచ్చటేసింది.

"నిన్నెవడు తియ్యమన్నాడయ్యా ఆ రీలు?" అన్నాడు గురునాథరావు. గొంతు పెరిగింది.

కరీం కళ్ళజోడు కిందికి లాక్కుని ఆయన మొహంలోకి చూశాడు. "నువ్వే. ముందు వారం సినిమాకి బస్సు తప్పిపోనాదని పదిమందిని ఏసుకుని మేడెక్కొచ్చి నా కేబిన్ తలుపు బాదినావు. రేపట్నించి ఒంటిగంటకి పదినిమిషాల ముందు వదలకపోతే ఊరుకోనన్నావు. మర్సిపోనావేటి?"

మరిచిపోలేదు. ఇప్పటికీ అరచేతికి ఆ తలుపు గుర్తుంది. ఆ రోజు సగం షిఫ్టు పోయింది, ఫోర్‌మన్ నానా మాటలూ అన్నాడు. మర్నాటి నుంచి సినిమాలు టైముకి వదిలేసరికి మన దెబ్బ అలాంటిదని కాంటీన్లో చెప్పుకున్నాడు కూడా.

ఇంకా ఎన్ని సినిమాలకి ఇలా చేశావని అడిగాడు. కరీం వేళ్ళు మడవడం మొదలెట్టి, ఒక చెయ్యి అయి రెండో చెయ్యి సగానికొచ్చాక, ఎందుకులే బావా అని టీ గ్లాసు ఆయన చేతికిచ్చాడు. గురునాథరావు టీ తాగలేకపోయాడు. సావనీర్లలో రాసినవి వరుసగా కళ్ళముందు తిరిగాయి. ఏ దర్శకుడు ఏది చెప్పకుండా వదిలేశాడని ఎంత పొగిడాడో, అందులో ఎంత దర్శకుడిదో ఎంత బస్సుదో ఇప్పుడెవరు తేల్చాలి.

*

ఇంటికొచ్చి పెన్‌డ్రైవ్ కోసం బీరువా సొరుగులన్నీ లాగాడు. దొరకలేదు. భార్య కామేశ్వరి వంటింట్లోంచి, టీవీ వెనక చూడండి అంది. చూస్తే టీవీకి పెట్టే ఉంది.

"ఇదిక్కడికెలా వచ్చింది?"

"నేనే పెట్టాను. సోమవారం చూశాను, బాగుంది. మీకు చెప్పబోయాను కూడా. ఆ దీపస్తంభం సినిమాలో తమ్ముడున్నాడు చూడండీ అని మొదలెట్టాను. నీకు తెలీదులే అన్నారు." కామేశ్వరి కాకరకాయలు తరుగుతూనే చెప్పింది. ఆమెకిది పెద్ద విషయంలా లేదు.

సరే చూద్దాం అని కూచున్నాడు. కామేశ్వరి కూడా కాకరకాయల పళ్ళెంతో వచ్చి పక్కన కూచుంది. గంటా ముప్పై నిమిషాలు ఆయనకి ప్రతి సీనూ కంఠతా వచ్చు. తొమ్మిదో రీలు చివర పిల్ల మెట్ల మీద కూలబడింది. ఆయన ఒంట్లో ప్రతి నరమూ పడవ కోసం చూసింది. పడవ రాలేదు. పిల్ల లేచింది. పైన తలుపు తెరుచుకుంది. అక్కణ్ణుంచి పది నిమిషాలు గురునాథరావు సోఫా చెయ్యి వదల్లేదు. కొక్కెం పట్టుకున్నవాడి ముసుగు ఆ పిల్ల లాగేసినప్పుడు, వాడు మామూలు మనిషి. పళ్ళు ఊడిపోయిన, అలిసిపోయిన మనిషి. మొదటి రీల్లోనే దీవి ఒడ్డున వీళ్ళ పడవ తాడు అందుకుని కట్టినవాడు. నాలుగుసార్లు చూసిన సినిమాలో వాణ్ణి ఆయన ఏనాడూ పట్టించుకోలేదు.

భయమేసింది. అరవై మూడేళ్ళ వయసులో, పట్టపగలు, పక్కన పెళ్ళాం కాకరకాయలు తరుగుతుండగా నిజంగా భయమేసింది. ఆ వెనకే ఇంకోటి వచ్చింది, దానికి పేరు పెట్టడానికి ఆయనకి ఇష్టం లేకపోయింది గానీ అది సిగ్గు. ఆ పిల్ల కాయితం మడిచిన తీరు గుర్తొచ్చింది.

*

శనివారం మధ్యాహ్నం పోర్టు గేటు బయట బస్టాపులో నిలబడ్డాడు. లారీల దుమ్ము. ఫోను చేస్తే ఎత్తదు, గ్రూపులో లేదు, ఇంటికెళితే బాగుండదు. ఇంతా చేసి ఒక సినిమా కోసం ఎండలో నిలబడాల్సి వచ్చిందని విసుక్కుంటూనే ఆలోచించి పెట్టుకున్నాడు ఏం చెప్పాలో. బాగానే కుదిరింది. బస్సు సంగతి, కేబిన్ తలుపు సంగతి, పదకొండో రీలు సంగతి. ఎవరు విన్నా నవ్వుతారు.

రెండున్నరకి శ్రీవల్లి బయటికొచ్చింది. హెల్మెట్టు చేత్తో పట్టుకుని ఉంది, నుదుటి మీద దాని గీత పడి ఉంది. ఆయన్ని చూసి ఆగింది. దణ్ణం పెట్టింది, అలవాటు కొద్దీ.

గురునాథరావు అంతా చెప్పాడు. కేబిన్ తలుపు దగ్గరికొచ్చేసరికి ఆమె నవ్వింది కూడా. ఆయనకి గుండె తేలికపడింది. నీదే కరెక్టమ్మా, అది స్లాషరే, వ్యాసం ప్రెస్సుకి పంపించేశాను, రేపు నువ్వే మాట్లాడాలి అన్నాడు.

"రేపు మీరు ఏటి సెప్తారు సార్, అందరికీ?"

"ఇదే. నీకిప్పుడు చెప్పిందే."

శ్రీవల్లి హెల్మెట్టు పట్టీ వేలికి చుట్టుకుంది. "కరీం తాతగారు ఒక్కసారి సెప్తే నమ్మీసినారు కదా."

"ఆయన ఆపరేటరమ్మా. రీలు ఆయన చేతిలో ఉండేది."

"నాను సినిమాయే తెచ్చి మీ ముందు పెట్టినాను సార్. మూడుసార్లు." గొంతు పెంచలేదు. పెంచితే ఆయనకి తేలికగా ఉండేది. "రీలు లేకపోడం మీ తప్పు కాదు. ఆళ్ళందరూ నవ్వుతుంటే మీరు ఫోను పక్కకి తోసీసినారు, అది సెప్పండి. అది సెప్తానంటే వస్తాను. లేదంటే ఆ సినిమా స్లాషరైతే నాకేటి, కాపోతే నాకేటి."

గాజువాక బస్సొచ్చింది. ఆమె ఎక్కింది. ఆయన వెళ్ళాల్సిన బస్సూ అదే, కానీ ఎక్కలేకపోయాడు. తర్వాతి బస్సు కోసం ముప్పావుగంట నిలబడ్డాడు. అరవై మూడేళ్ళ మనిషి ఎండలో ఇంతదూరం వచ్చి తప్పొప్పుకున్నాడు కదా, ఇంకేం కావాలి ఈ పిల్లకి అని కాసేపు కోపమొచ్చింది. ఆ కోపం కూడా నిలబడలేదు. కరీం మాటకి టీ చల్లారేలోపు నమ్మాడు. కామేశ్వరి మొదలుపెట్టిన వాక్యం పూర్తి చెయ్యనివ్వలేదు. ఆ రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడ్డం తప్ప ఇంటికి చేరేదాకా ఆయనకి వేరే పని లేకపోయింది.

*

ఆదివారం గది నిండిపోయింది. ఎప్పుడూ రానివాళ్ళు కూడా వచ్చారు. కరీంని పిలిచి ముందు వరసలో కూచోబెట్టారు. పుస్తకాలు పంచేశారు, సత్యం తన కాపీతోనే విసురుకుంటున్నాడు. గురునాథరావు రెండుసార్లు తలుపు వైపు చూశాడు. మూడోసారి చూసినప్పుడు శ్రీవల్లి ఉంది. లోపలికి రాలేదు. గుమ్మం బయట, సంచి భుజానే ఉంచుకుని నిలబడింది.

ఆయన లేచి మైకు తీసుకున్నాడు. బస్సు కథ చెప్పాడు. తను తలుపు బాదడం దగ్గర గది గొల్లుమంది. పదో రీలు దగ్గరకొచ్చేసరికి నవ్వుకి మైకు వినపడలేదు. కరీం వీపు మీద అందరూ చరుస్తున్నారు, అతను తల దించుకుని నవ్వుతున్నాడు. మా ముప్పై మూడేళ్ళు మాకిచ్చెయ్ కరీం భాయ్ అని సత్యం అరిచాడు. శ్రీవల్లి గారు చెప్పిందే నిజం, ఇది స్లాషర్ సినిమాయే అని గురునాథరావు అన్నాడు. చప్పట్లు కొట్టారు. వాసు ప్రొజెక్టరు దగ్గరికి వెళ్ళాడు.

అక్కడ కూచుని ఉంటే సరిపోయేది. ఎవరూ ఇంకేమీ అడగరు. అందరూ సంతోషంగా ఉన్నారు, ఆయన పెద్దమనిషి తరహాలో తప్పొప్పుకున్నాడు కూడా. గుమ్మం దగ్గర ఆమె చప్పట్లు కొట్టలేదు, సంచి దించలేదు.

"ఇంకో మాటుంది," అన్నాడు గురునాథరావు. నవ్వులు ఆగేదాకా నిలబడ్డాడు. కొంచెంసేపు పట్టింది.

"రీలు లేకపోవడం వల్ల కాదు నేను తప్పు చేసింది. ఈ అమ్మాయి నాకు సినిమా మూడుసార్లు తెచ్చింది. మొన్న బుధవారం ఇదే గదిలో ఫోను నా ముందు పెట్టింది. నేను చూడలేదు, పక్కకి తోశాను. మీలో ఎవరు పెట్టినా చూసేవాణ్ణి. ఆవిడ కాబట్టి చూడలేదు. వ్యాసం కొట్టేసినప్పుడు అందులో తప్పుందని కాదు కొట్టేసింది."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. సత్యం విసురుకోవడం ఆపేశాడు. బుధవారం నవ్వినవాళ్ళు ఏడెనిమిదిమందీ ఆ గదిలోనే ఉన్నారు, ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. గురునాథరావు మైకు బల్ల మీద పెట్టబోతే అది దొర్లి గీమని చప్పుడు చేసింది.

శ్రీవల్లి లోపలికొచ్చింది. తొందరపడలేదు. ఆయన పక్కనుంచి వెళుతూ ఆయన వైపు చూసింది గానీ థాంక్స్ చెప్పలేదు, చెప్పాలని ఆయనా అనుకోలేదు. సంచి దించి బల్ల మీద పెట్టింది. మైకు తీసుకోలేదు. ప్రసంగం కాయితాల కోసం చూస్తున్న వాసుని కిటికీలు ముయ్యమంది.

"మాటలు తరవాత. ముందు అందరూ సూడండి," అని, ముందు వరసలో గురునాథరావు కోసం ఖాళీగా ఉంచిన కుర్చీలో తను కూచుంది.